క్లేనీ పండితుడు – ఆయన నక్షత్రపు గుర్తు

అమెరికా దేశమున కనెక్టికట్ రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డ్ నగరములో 1909 వ సంవత్సరము జనవరి 5 వ తేదీన స్టీఫెన్ కోల్ క్లేనీ జన్మించెను. తండ్రి అర్థశాస్త్రాచార్యుడు; తల్లి కవయిత్రి. తన ఇంటిపేరును ఆయన క్లేనీ యనియే పలికెడివాడు. లోకము మాత్రము క్లీన్ అని పలికెను. ఆ భేదము నేటికిని తీరలేదు.

ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున అలోంజో చర్చి కడ శిష్యరికము చేసి, 1934 లో డాక్టరు పట్టమును పొందెను. నియమము తప్పక అంచెలంచెలుగా చేయదగిన లెక్కలేవి, చేయరానివేవి యనునదియే ఆ గురుశిష్యుల విచారము. గురువు కల్పించిన సంకేతపద్ధతిలో, ఒక సంఖ్యకు ముందరి సంఖ్యను రాబట్టుట మిక్కిలి కష్టమయ్యెను. 1932 లో దంతవైద్యుని యొద్దనుండగా శిష్యునికి ఆ యుపాయము స్ఫురించెనని చెప్పుదురు. పంటినొప్పిలో గణితము తోచుట అందరికిని సాధ్యమా!

1935 లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. యుద్ధకాలమున నౌకాదళమందు పనిచేసి, మరల అచ్చటికే వచ్చి 1979 వరకు బోధించెను. పర్వతారోహణమన్న ఆయనకు మిక్కుటమైన ప్రీతి.

1951 వేసవిలో రాండ్ సంస్థవారు ఆయనకొక ప్రశ్న నొసగిరి. మెదడులోని నాడీకణములను పోలిన వలను మెకల్లక్, పిట్స్ అను నిరువురు 1943 లో ఊహించియుండిరి. పరిమితమైన జ్ఞాపకము గల అట్టి వల యే యే సంకేతవరుసలను గుర్తింపగలదు? మూడు క్రియలు చాలునని క్లేనీ నిరూపించెను. ఒకదాని వెనుక నొకటి వచ్చుట. రెండింటిలో నేదియో యొకటి వచ్చుట. ఒకటియే మరల మరల వచ్చుట. ఈ మూడవదానికే ఆయన నక్షత్రపు గుర్తును వాడెను. మరల మరల యనగా ఒక్కసారియు రాకపోవుటకూడ అందు చేరును. ఈ వ్యాసము 1956 లో అచ్చయ్యెను. 1968 లో కెన్ థాంప్సన్ ఈ సిద్ధాంతమును కంప్యూటరులో పదములను వెదకుటకు వినియోగించెను.

1971 నాటి యూనిక్స్ వ్యవస్థలో గ్లాబ్ అను చిన్న ప్రోగ్రాము కలదు. ఫైళ్ల పేర్లలోని నక్షత్రమును విప్పి చెప్పుటయే దాని పని. తరువాత ఆ పనిని షెల్లే చేయసాగెను. ఇచట నక్షత్రమునకు అర్థము వేరు. ఎన్ని యక్షరములైనను, ఏ యక్షరములైనను, అసలు లేకున్నను సరియే యని భావము. ప్రశ్నార్థకపు గుర్తు సరిగా ఒక్క యక్షరమునకు చెల్లును. గణితదృష్టితో చూచినచో షెల్లు నక్షత్రము, వర్ణమాల యంతటిపై నుంచిన క్లేనీ నక్షత్రమే.

బాలబాలికలారా! ఈ భేదమును తేలికగా తీసికొనరాదు. పాఠము1, పాఠము2, పాఠము10, పాఠము11 అను నాలుగు ఫైళ్లున్నవనుకొనుడు. పాఠము1* అని వ్రాసినచో, క్లేనీ రీతిని నక్షత్రము తనకు ముందున్న ఒకటి అంకెనే పట్టును గనుక, మొదటిదియు పదునొకండవదియు మాత్రమే చిక్కును. షెల్లునందు పదియవ పాఠముకూడ చిక్కును. అది తుడిచివేయు నాజ్ఞ యైనచో పదియవ పాఠము పోయినట్లే! ఆ యాజ్ఞకు నక్షత్రము కనబడనే కనబడదు. షెల్లు ముందుగా విప్పియిచ్చిన పేర్లజాబితా మాత్రమే చేరును. కావున తుడుచుటకు పూర్వము, అదే గుర్తుతో పేర్లను తెరపై చూపించుకొనుట పెద్దల యలవాటు.

1990 లో అమెరికా ప్రభుత్వము క్లేనీకి జాతీయ విజ్ఞానపతకము నొసగెను. 1994 జనవరి 25 వ తేదీన, తాను బోధించిన మాడిసన్ నగరముననే ఆయన కాలధర్మము చెందెను.