పతాక శిల్పి పింగళి వెంకయ్య

జాతీయ పతాకానికి తొలి రూపమిచ్చిన పింగళి వెంకయ్య 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. యౌవనంలో బ్రిటిష్ సైనికుడిగా దక్షిణాఫ్రికాకు వెళ్ళి, అక్కడ గాంధీజీతో పరిచయం పొందారు. పరాయి జెండా నీడన కొలువు చేసిన ఆయనే స్వజాతికొక పతాకం కావాలని తపించి, 1916లో పలు నమూనాలతో ఒక గ్రంథం ప్రకటించారు. మేలురకం పత్తిపై పరిశోధన చేసి ‘పత్తి వెంకయ్య’గానూ పేరుపొందారు.

1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల వేళ ఎరుపు, ఆకుపచ్చ వన్నెల జెండాను గాంధీజీకి సమర్పించారు. ఆపై తెలుపు, రాట్నం చేరాయి. 1931లో ఎరుపు స్థానాన్ని కాషాయం ఆక్రమించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నానికి బదులు అశోకుని ధర్మచక్రాన్ని నిలిపి, పతాకాన్ని ఆమోదించింది.

జాతికి జెండానిచ్చిన ఆ మహనీయుడు పేదరికంలోనే 1963 జూలై 4న కన్నుమూశారు. 2009లో ఆయన పేర తపాలా బిళ్ళ వెలువడింది. పతాకాన్ని నేల తాకనీయకపోవడం మన మర్యాద. దాని రూపకర్తను మరువకపోవడం మన కృతజ్ఞత.