పావులూరి మల్లన – చదరంగపు మహాసంఖ్య

తెలుగు కవిత్వమనగానే మన విద్యార్థులకు భారత భాగవతములు స్ఫురించును. లెక్కలనగానే ఇంగ్లీషు పుస్తకము స్ఫురించును. ఈ రెంటికిని పొత్తు లేదనుకొను పల్నాటి విద్యార్థులకు పావులూరి మల్లనను పరిచయము చేయదలచినాము.

పావులూరు మన నరసరావుపేటకు దక్షిణమున, ఇంకొల్లు చెంత నున్న గ్రామము. పూర్వమది కమ్మనాటిలోనిది. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు పావులూరి మల్లనకు పిఠాపురము దగ్గరి నవఖండవాడను దానమిచ్చెనని ప్రసిద్ధి. ఆయన మనుమని పేరును మల్లనయే కావున, గ్రంథకర్త తాతయా, మనుమడా అను విషయమున పండితులలో భిన్నాభిప్రాయములున్నవి. గ్రంథము మాత్రము తెలుగులో తొలి గణితశాస్త్రమని పేరొందినది.

దీనికి మూలము 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. జినపూజకు సంబంధించిన ఉదాహరణములను మల్లన శివపూజకు మార్చుకొన్నాడు; లెక్కను మాత్రము గౌరవముతో స్వీకరించినాడు. మహావీరుడు 24 సంఖ్యాస్థానములకు పేర్లు చెప్పగా, మల్లన 36 స్థానముల వరకు పోయినాడు.

అంత పెద్ద సంఖ్యలతో పనియేమి? చదరంగపు పలకపై 64 గళ్లున్నవి. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు రెట్టింపుగా పెట్టుకొనిపోయినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలగును. ఈ ఇరువది అంకెలను మల్లన ఒక్క చంపకమాలలో ఇమిడ్చినాడు. చంద్రుడనిన 1, అగ్ని యనిన 3, వేదమనిన 4, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని కుడినుండి ఎడమకు వ్రాసుకొనిపోయినచో సంఖ్య తప్పక వచ్చును. అంకెలు వ్రాతలో చెరిగినను ఛందస్సు వానిని కాపాడును.

1000వ సంవత్సర ప్రాంతమున అల్ బిరూనీ అరబ్బీలో రచించిన గ్రంథమునను ఇదే సంఖ్య కనిపించును. దీనిని రాబట్టుటకు 64 గళ్లు కూడనక్కరలేదు. 2ను వర్గము చేసిన 4. దాని వర్గము 16. అటుపై 256, 65,536, 4,29,49,67,296. ఆరవమారు వర్గము చేసి 1 తీసివేసిన చాలును.

ఈ సంఖ్యకు మరియొక విశేషమున్నది. ఇది 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు సంఖ్యల లబ్ధము. వీనిలో చివరిదికూడ ప్రధానసంఖ్యయేయని 17వ శతాబ్దిలో ఫెర్మా భావించినాడు. అది 641తో నిశ్శేషముగా భాగింపబడునని 1732లో ఆయిలర్ తేల్చినాడు. ఆ 641 మన మల్లన పద్యములోని సంఖ్యలో నాడే దాగియున్నది.

జైనుని శాస్త్రమును శైవుడు తెనిగించినాడు. అరబ్బీలో తేలిన సంఖ్యయే తెలుగు పద్యమునకు ఎక్కినది. ఉర్దూ బడినుండి వచ్చినవారైనను, తెలుగు బడినుండి వచ్చినవారైనను, మన విద్యార్థులు భాషను చూచి లెక్కకు జంకనక్కరలేదని మా విశ్వాసము. కాగితము తీసుకొని ఆ ఆరు వర్గములను స్వయముగా గుణించి చూడవలసినదిగా కోరుచున్నాము.