పీటర్ బ్రోడీ: ఎండలోనూ ఫోన్ తెర కనబడుతోందంటే.. కీలక అడుగు ఈయనదే!

అమలాపురం గడియార స్తంభం సెంటర్‌లో మిట్టమధ్యాహ్నం నిలబడినా ఫోన్‌లో వీడియో చూసేస్తున్నాం. ఛార్జింగ్ కూడా గంటల తరబడి ఉంటోంది. దీనికి పునాది వేసిన శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు పీటర్ బ్రోడీ.

1920లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో పుట్టిన బ్రోడీ.. 1959లో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ కంపెనీలో చేరారు. అప్పటి పలుచటి తెరల్లో చుక్కలు వరుసల వారీగా వెలిగేవి. వరుసలు పెరిగేకొద్దీ ఒక్కో చుక్కకు దక్కే సమయం తగ్గి, వెలుగు పడిపోయేది. పెంచాలంటే కరెంటు ఎక్కువ గుంజేది.

బ్రోడీ ప్రతి చుక్కకూ, అంటే ప్రతి పిక్సెల్‌కూ, సొంత ట్రాన్సిస్టర్ స్విచ్ పెట్టారు. దాని పక్కనే కెపాసిటర్. డాబా మీద ట్యాంకులో నీళ్లలా అది ఛార్జ్‌ను నిల్వ ఉంచుతుంది. మళ్లీ తన వంతు వచ్చేదాకా పిక్సెల్ ఆరిపోదు. స్వయంగా వెలిగే తెరలకైతే రెండు ట్రాన్సిస్టర్లు వాడారు. ఒకటి సిగ్నల్ అందుకుంటే, రెండోది కరెంటు అందిస్తుంది. నేటి ఓలెడ్ ఫోన్లలోనూ మూలసూత్రం ఇదే.

కానీ 1979లో కంపెనీ ఆ ప్రాజెక్టునే ఆపేసింది. బ్రోడీ బయటికొచ్చి 1981లో ప్యానెల్‌విజన్ అనే సంస్థ పెట్టారు. అయినా పెద్ద వ్యాపారం జపాన్ కంపెనీలదే అయింది.

2011 సెప్టెంబర్‌లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాదే మరో ముగ్గురితో కలిపి ప్రతిష్ఠాత్మక డ్రేపర్ ప్రైజ్ దక్కింది. అందుకోవడానికి మాత్రం ఆయన లేరు.