తీపి తినకపోయినా షుగర్ ఎక్కడిది? జవాబు వెతికిన క్లాడ్ బెర్నార్డ్

రాత్రి తీపి ముట్టుకోకపోయినా పొద్దున పరగడుపున టెస్ట్ చేస్తే షుగర్ ఎక్కువే చూపిస్తుంది. షుగర్ పేషెంట్ ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. దీనికి దారి చూపినవారు 19వ శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్.

ఆయన 1813 జూలై 12న ఫ్రాన్స్‌లోని సెయింట్ జూలియన్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి ద్రాక్షతోటల్లో పని చేసేవారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది కావడంతో చదువు మధ్యలో ఆపి, లియాన్‌లో ఒక మందుల షాపులో పనికి చేరారు. నాటకాలంటే పిచ్చి. ఒక నాటకం రాసుకుని 1834లో పారిస్ వెళ్తే, అక్కడి పెద్ద విమర్శకుడు అది చదివి, మందుల పని తెలుసు కాబట్టి వైద్యం చదువుకోమని సలహా ఇచ్చారు. ఆ సలహాతో జీవితమే మారిపోయింది.

అప్పట్లో చక్కెరను చెట్లే తయారు చేస్తాయని, జంతువులు దాన్ని తిని ఖర్చు చేస్తాయని అందరూ నమ్మేవారు. బెర్నార్డ్ తీపి, పిండి లేని మాంసం మాత్రమే పెట్టిన కుక్కలను పరీక్షించారు. అయినా లివర్ నుంచి వచ్చే రక్తంలో చక్కెర దొరికింది. ఇంకోసారి తీరిక లేక పరీక్ష మధ్యలో వదిలేసిన లివర్ ముక్కను మర్నాడు చూస్తే, చక్కెర ఇంకా పెరిగి ఉంది. తర్వాత లివర్‌ను నీళ్లతో పూర్తిగా కడిగి ఉంచారు. మళ్లీ చక్కెర పుట్టింది. అంటే దాన్ని తయారు చేసే సరుకు లివర్‌లోనే ఉంది. 1857లో ఆ సరుకును విడదీశారు. అదే గ్లైకోజెన్.

భోజనం తర్వాత పేగుల నుంచి వచ్చే చక్కెరలో మిగులును లివర్ గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. కండరాలు కూడా కొంత దాచుకుంటాయి. రక్తంలో చక్కెర తగ్గితే లివర్ తన నిల్వలోంచి తీసి ఇస్తుంది. రోజా ఉన్నప్పుడు గంటల తరబడి ఏమీ తినకపోయినా ఒళ్లు నడిచేది ఇలాగే. దాచుకోమని చెప్పేది క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్. అది చాలకపోతే లివర్ ఆగకుండా చక్కెర వదులుతూనే ఉంటుంది. పరగడుపు షుగర్ పెరగడానికి ఇదో ముఖ్య కారణం. సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే కిడ్నీలు పట్టి ఉంచలేవు, చక్కెర మూత్రంలోకి పోతుంది. వెంట నీళ్లనూ లాక్కెళ్తుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, తీరని దాహం. రక్తంలో చక్కెర ఒక హద్దు దాటితేనే మూత్రంలోకి వస్తుందని కూడా బెర్నార్డే చెప్పారు.

ఈ పేరుకు ఆయన ఇంట్లో పెద్ద మూల్యమే చెల్లించారు. 1845లో పెళ్లయ్యాక భార్య తెచ్చిన కట్నం డబ్బే పరిశోధనకు ఆసరా అయింది. కానీ బతికున్న జంతువులను కోయడం ఆమెకు అస్సలు నచ్చలేదు. చివరికి ఇద్దరూ విడిపోయారు. కూతుళ్లు తల్లి వైపే నిలిచారు.

1878 ఫిబ్రవరి 10న బెర్నార్డ్ పారిస్‌లో కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఫ్రాన్స్‌లో ఒక శాస్త్రవేత్తకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఇన్సులిన్ దొరకడానికి ఇంకా 43 ఏళ్లు పట్టింది. కానీ షుగర్ అంటే తిన్న తీపి లెక్క మాత్రమే కాదని, లోపల జమాఖర్చు చూసే లివర్ ఒకటుందని లోకానికి తెలిసింది ఆయన వల్లే.