పసికాళ్ల బరువు దింపిన శాస్త్రవేత్త

హైదరాబాదు పాతబస్తీలో సంతోష్‌నగర్ దాటి కొంచెం ముందుకు వెళితే కంచన్‌బాగ్ వస్తుంది. ఎత్తయిన ప్రహరీ గోడలు, గేట్ల దగ్గర కాపలావాళ్లు, లోపల రక్షణశాఖ ప్రయోగశాలలు. అక్కడ క్షిపణుల పని జరుగుతుందని ఊరందరికీ తెలుసు. పోలియో సోకిన పసిబిడ్డల కాళ్లకు తేలికైన ఆసరా కూడా ఆ విద్యతోనే తయారైందని తెలిసినవారు తక్కువ. ఆ పని చేయించిన వ్యక్తి డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం గారు. ఆయన కన్నుమూసి పదేళ్లు దాటింది. రాష్ట్రపతిగా ఆయనను ఎరుగని ఇల్లు లేదు. ఈ వారం మాత్రం కంచన్‌బాగ్‌లో పనిచేసిన కలాం గారిని గుర్తుచేసుకుందాం.

ఆయన 1931 అక్టోబరు 15న తమిళనాడులోని రామేశ్వరంలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. తండ్రి జైనులాబ్దీన్ గారు పడవ నడుపుకొనే సామాన్యుడు. ఐదో తరగతిలో శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే మాస్టారు ఒకరోజు పక్షి ఎలా ఎగురుతుందో చెప్పారు. నల్లబల్ల మీద పక్షి బొమ్మ గీసి, రెక్కలూ తోకా ఎలా పనిచేస్తాయో వివరించారు. పిల్లలకు అర్థం కాలేదు. మాస్టారు విసుక్కోలేదు. సాయంత్రం అందరినీ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి, ఎగిరే పక్షులను చూపిస్తూ పాఠం మళ్లీ చెప్పారు. రెక్క గాలిని కిందికి తోస్తే గాలి పక్షిని పైకి తోస్తుంది. పుస్తకంలో అర్థంకాని భౌతికశాస్త్రం ప్రాణమున్న శరీరంలో కంటికి కనిపించింది. తన జీవితానికి దారి చూపింది ఆ సాయంత్రమేనని కలాం గారు పెద్దయ్యాక ఎన్నో సభల్లో చెప్పేవారు.

1950లో ఆయన తిరుచిరాపల్లిలో యేసుసభ గురువులు నడిపే సెయింట్ జోసఫ్ కళాశాలలో చేరి, 1954లో భౌతికశాస్త్రంలో పట్టా పొందారు. తర్వాత మద్రాసులో విమాన ఇంజనీరింగు చదువు. అక్కడ ఫీజుకు డబ్బు లేకపోతే అక్క జోహరా తన బంగారు గాజులూ గొలుసూ కుదువబెట్టి తమ్ముణ్ణి చేర్పించింది.

కథోలిక కుటుంబాలకు దగ్గరైన మరో సంగతి ఉంది. 1960 దశకం మొదట్లో డాక్టర్ విక్రమ్ సారాభాయ్ రాకెట్ కేంద్రానికి స్థలం వెదుకుతూ కేరళలోని తుంబా అనే మత్స్యకారుల పల్లెను ఎంచుకున్నారు. కావలసిన చోట పునీత మగ్దలా మరియమ్మ దేవాలయం ఉంది. తిరువనంతపురం బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా గారు తానొక్కరే నిర్ణయించకుండా, ఆదివారం పూజకు వచ్చిన విశ్వాసుల ముందు విషయం ఉంచారు. వారు ఒప్పుకున్నారు. ఊరివారికి వేరేచోట కొత్త దేవాలయం కట్టించారు. పాత దేవాలయంలోనే కలాం గారూ ఆయన తోటివారూ తొలి రాకెట్ పనులు చేశారు. 1963 నవంబరు 21న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ విచారణ ప్రజల త్యాగాన్ని కలాం గారు చివరిదాకా తలచుకుంటూనే ఉన్నారు.

1979లో మన శ్రీహరికోట నుంచి ఆయన బృందం ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో పడిపోయింది. 1980 జూలై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. రెండేళ్లకు, 1982లో, ఆయన కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చారు. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. అగ్ని ఆకాశం నుంచి తిరిగి వాతావరణంలోకి దిగేటప్పుడు పుట్టే విపరీతమైన వేడికి తట్టుకోవాలి, బరువు మాత్రం పెరగకూడదు. అందుకని గట్టిదనం తగ్గకుండా తేలికగా ఉండే మిశ్రమ పదార్థాలను అక్కడ తయారుచేశారు.

ఒకరోజు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ నుంచి ఒక ఎముకల డాక్టరు గారు ప్రయోగశాల చూడటానికి వచ్చారు. అక్కడున్న ఒక పదార్థాన్ని చేత్తో ఎత్తి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారు. వెంటనే కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పోలియో సోకిన బాలబాలికలు ఒక్కొక్కటి 3 కిలోలకు పైగా తూగే ఇనుప కాలిపర్లు తొడుక్కుని కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఈ పిల్లల బాధ తగ్గించమని డాక్టరు గారు అడిగారు.

ఆ బరువు ఎంతటిదో మన ఇంట్లోనే తెలుసుకోవచ్చు. నిండు చెంబును చంకలో పెట్టుకుని కాసేపు నిలబడండి. తర్వాత అదే చెంబును చెయ్యి బారచాపి పట్టుకోండి. బరువు మారలేదు, చెయ్యి మాత్రం నిమిషంలో లాగేస్తుంది. కీలుకు ఎంత దూరంలో బరువుంటే కండరానికి అంత కష్టం. కాలికి కీలు తుంటి దగ్గర. ఇనుము కట్టింది దానికి దూరంగా, మోకాలికీ పాదానికీ. పైగా అడుగడుగునా ఆ బరువును కదిలించాలి, మళ్లీ ఆపాలి. 25 కిలోల బిడ్డకు రెండు కాళ్లకూ కలిపి 6 కిలోలంటే తన బరువులో నాలుగో వంతు. అదీ కండరాలు చచ్చుబడిన కాళ్ల మీద!

బరువు ఒక్కటే కాదు, మోకాలు మడతపడకుండా చూడాలి. పోలియోతో తొడ కండరం బలహీనపడితే అడుగు వేసినప్పుడల్లా మోకాలు కుంగిపోతుంది. అందుకే ఆ పిల్లలు తొడమీద చెయ్యి అదిమిపెట్టి నడుస్తారు. కలాం గారి బృందం చేసిన పరికరంలో పాదమూ పిక్కా కదలకుండా ఒకే ముక్కగా ఉంటాయి. మోకాలి కింద, కాలి ముందువైపు ఒక పట్టీ ఉంటుంది. బిడ్డ పాదం ముందుభాగంతో నేలను నొక్కితే నేల తిరిగి పైకి తోస్తుంది. ఆ తోపు పట్టీ దాకా వచ్చి మోకాలిని వెనక్కి నెట్టి నిటారుగా నిలబెడుతుంది. కండరం చేయలేని పనిని నేల చేసిపెడుతుందన్నమాట. రెక్కను పైకి తోసే గాలి, రాకెట్టును పైకి తోసే పొగ, బిడ్డ మోకాలిని నిలబెట్టే నేల, మూడూ న్యూటన్ చెప్పిన ఒక్క సూత్రానికే లోబడి పనిచేస్తాయి.

మూడు వారాల్లో కొత్త కాలిపర్లు తయారయ్యాయి. ఒక్కొక్కదాని బరువు 300 గ్రాములు. అవి తొడుక్కున్న పిల్లలు తమ కాళ్లను తామే నమ్మలేకపోయారు. ఈడ్చుకుంటూ నడిచినవారు చకచకా తిరగసాగారు. తల్లిదండ్రుల కళ్లు చెమ్మగిల్లాయి. తాను పొందిన గొప్ప ఆనందాల్లో కలాం గారు దీన్ని లెక్కపెట్టుకున్నారు.

తర్వాత హృద్రోగ నిపుణులు డాక్టర్ సోమరాజు గారితో కలిసి తక్కువ ఖర్చుతో గుండె రక్తనాళాలను తెరిచి ఉంచే కలాం-రాజు స్టెంటును రూపొందించారు. ఇక్కడా భౌతికశాస్త్రమే. సన్నని గొట్టం వెడల్పు సగానికి తగ్గితే, అదే ఒత్తిడితో పారే ద్రవం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. నాళం కాస్త పూడుకున్నా గుండెకు అంత ముప్పు అందుకే.

ఆయుధాలు చేసినవారిని మెచ్చుకోవచ్చునా అని మనలో కొందరికి సందేహం రావచ్చు. అది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. బలం ఉంటేనే దేశానికి శాంతి అని ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. అయితే తన విద్య ఆసుపత్రి వరండాలో ఒక బిడ్డకు అక్కరకు వస్తుందని తెలిసిన రోజున, అది తన పని కాదని ఆయన తప్పుకోలేదు.

1992లో ఆయన ఢిల్లీ వెళ్లారు. 1997లో భారతరత్న, 2002 నుంచి 2007 దాకా రాష్ట్రపతి పదవి. పదవి దిగాక మళ్లీ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ తిరిగారు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కుప్పకూలి తుదిశ్వాస విడిచారు. అంతకు ముందు ఏడాదే, 2014 మార్చి 27న, మన దేశం పోలియో నుంచి విముక్తమైందని ధ్రువీకరణ వచ్చింది. చుక్కల మందు పుణ్యమా అని నేటి పసిపిల్లలకు కాలిపరంటే ఏమిటో తెలియదు. కాని చిన్నప్పుడు దాన్ని మోసినవారు మన విచారణల్లో, మన ఇళ్లలోనే ఉన్నారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు భౌతికశాస్త్రం అర్థం కావడంలేదని ఏడిస్తే కోప్పడకండి. వారిని లేపి నాలుగడుగులు నడిపించి, నేల పాదాన్ని ఎలా తోస్తుందో అడగండి. తర్వాత, ఆ నాలుగడుగులు వేయలేని బిడ్డ మన వీధిలో ఎవరైనా ఉన్నారా అనీ అడగండి. రెండో ప్రశ్న పరీక్షలో రాదు. కంచన్‌బాగ్‌లో కలాం గారికి ఎదురైంది మాత్రం ఆ ప్రశ్నే.