నత్తి ఉన్న రాజు... మైకు ముందు

సోమవారం. కొంగరకలాన్‌లోని రంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణి. అర్జీ చేతిలోనే ఉంది. చెప్పాల్సింది నోటిదాకా వచ్చింది. కానీ మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. మీకు నత్తి ఉంటే ఆ క్షణం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి నెత్తిన ఉన్నట్టుండి కిరీటం పెడితే? బ్రిటన్ రాజు ఆరో జార్జికి అదే జరిగింది. 1947 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి మీద ఉన్న బొమ్మ ఆయనదే.

ఆయన అసలు పేరు ఆల్బర్ట్. పుట్టింది 1895లో. ఐదో జార్జికి రెండో కొడుకు. ఎడమచేతి వాటమైతే బలవంతంగా కుడిచేత్తో రాయించారు. కాళ్లు సరిగా లేవని బద్దలు కట్టారు. చిన్నప్పుడే నత్తి మొదలైంది. 1925లో లండన్‌లోని వెంబ్లీలో వేలమంది ముందు ప్రసంగిస్తూ తడబడ్డారు. ఆ అవమానం ఆయన్ని చాలాకాలం వెంటాడింది.

మరుసటి ఏడాది లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియన్‌ను కలిశారు. లోగ్‌కు డాక్టర్ పట్టా లేదు. ఊపిరి నిండా తీసుకోవడం, గొంతు కండరాలను వదులు చేయడం, మాటల మధ్య ఆగడం నేర్పారు. ఆల్బర్ట్ రోజూ సాధన చేశారు. 1927లో ఆస్ట్రేలియా పార్లమెంటు ప్రారంభోత్సవంలో గట్టెక్కారు.

ఎలాగూ గద్దె అన్న ఎడ్వర్డ్‌దే కదా అనుకున్నారు. 1936 జనవరిలో తండ్రి పోయారు, అన్న రాజయ్యారు. అయితే రెండుసార్లు విడాకుల దాకా వెళ్లిన అమెరికా మహిళ వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడతానని పట్టుబట్టారు. చర్చి, ప్రధాని బాల్డ్విన్ ఒప్పుకోలేదు. డిసెంబరు 10న ఎడ్వర్డ్ రాజ్యం వదులుకుంటూ సంతకం చేశారు. ఆ మర్నాడే తమ్ముడు రాజు. ఇక మైకును తప్పించుకునే దారి లేదు.

1939 సెప్టెంబరు 3న యుద్ధం మొదలైందని రేడియోలో ప్రజలకు చెప్పాల్సి వచ్చింది. ఎక్కడ ఆగాలో కాగితం మీద ముందే గుర్తులు పెట్టుకున్నారు. లోగ్ పక్కనే నిలబడ్డారు. ఆయన ఆగిన చోట్లు జనానికి గాంభీర్యంలా వినిపించాయి. నత్తి పూర్తిగా పోలేదు. దాన్ని వెంటబెట్టుకునే మాట్లాడారు.

నత్తిని నిభాయించుకున్నా, సిగరెట్‌ను వదల్లేకపోయారు. కాలి రక్తనాళాలు మూసుకుపోతుంటే 1949లో ఆపరేషన్ చేశారు. 1951లో క్యాన్సర్ సోకిన ఎడమ ఊపిరితిత్తిని తొలగించారు. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే కన్నుమూశారు. వయసు 56. కూతురు ఎలిజబెత్ పాతికేళ్లకే రాణి అయ్యారు.

మీ ఇంట్లో నత్తి ఉన్న బిడ్డ ఉంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. నత్తి తెలివి తక్కువై రాదు. వెక్కిరిస్తేనో, వక్క నమిలిస్తేనో పోదు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ ద్వారా స్పీచ్ థెరపిస్టును కలవండి. బిడ్డ మాట మీరు పూర్తి చేయకండి. తొందరపెట్టకుండా, కళ్లలోకి చూస్తూ చివరిదాకా వినండి. రాజుకు లోగ్ దొరికారు. మీ బిడ్డకు ముందుగా దొరకాల్సింది మీరే.