పోచంపల్లిలో భూమి అడిగిన మనిషి



ఈ మధ్య తొమ్మిదో తరగతి పిల్లలకు స్టోయిక్ తత్త్వం గురించి చెప్పాను. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో బానిసగా బతికిన ఎపిక్టెటస్, మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని ముందు వేరు చేసుకోమన్నాడు. పిల్లలకు రోమ్ చాలా దూరమనిపించింది. అంత దూరం పోనక్కరలేదు. మన ఊరి పేరు ముందు ‘భూదాన్’ చేరడానికి కారణమైన వినోబా భావే కూడా అలాగే బతికారు. ఆయన నేర్చుకున్నది మాత్రం భగవద్గీత నుంచి.

వినోబా 1895 సెప్టెంబర్ 11న మహారాష్ట్రలోని గాగోదే గ్రామంలో పుట్టారు. లెక్కలంటే ప్రాణం. అయినా సర్టిఫికెట్లను ఇంట్లో పొయ్యిలో వేసేశారు. 1916లో ఇంటర్మీడియట్ పరీక్షకని బొంబాయి రైలెక్కి, మధ్యలో సూరత్‌లో దిగి కాశీకి వెళ్లిపోయారు. (మార్కుల మెమోలు ఇచ్చే మేము ఈ సంగతి చెప్పాలా అని కాస్త ఆలోచించాను, చెప్పేశాను!) అదే ఏడాది గాంధీజీ ఆశ్రమంలో చేరారు.

జైలుకు పంపడం బ్రిటిష్‌వాళ్ల చేతిలో పని. లోపల రోజు ఎలా గడపాలన్నది తన పని. 1932లో ధూలే జైల్లో తోటి ఖైదీలకు గీత చెప్పారు, అది పుస్తకమైంది. తర్వాత వేలూరు జైల్లో తెలుగుతో సహా దక్షిణాది భాషలు నేర్చుకున్నారు.

1938లో ఆరోగ్యం బాగా పాడైంది. గాంధీజీ విశ్రాంతి తీసుకోమంటే పౌనార్ వెళ్లారు. దారిలో ధామ్ నది వంతెన దాటుతూ, ఆశ్రమం బాధ్యతలన్నీ మనసులోంచి దింపేసుకున్నారు. కొన్ని నెలల్లో కోలుకున్నారు.

1951 ఏప్రిల్ 18న ఆయన నడుచుకుంటూ పోచంపల్లి వచ్చారు. అప్పటికి నల్గొండ జిల్లా సాయుధ పోరాటంతో, పోలీసు చర్యలతో అట్టుడుకుతోంది. దళితవాడలో అడిగితే, బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. వినోబా దగ్గర సెంటు భూమి లేదు, పదవీ లేదు. సర్కారుకు రాస్తానన్నారు. అక్కడితో ఆగకుండా, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని ఊరివాళ్లనే అడిగారు. అడగడమే ఆయన చేతిలో ఉన్నది. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఎంత స్థితప్రజ్ఞుడైనా, ఆ రాత్రి వినోబాకు సరిగ్గా నిద్ర పట్టలేదట.

తర్వాత పదమూడేళ్లు దేశమంతా నడిచారు. లక్ష్యం 5 కోట్ల ఎకరాలు, దక్కినవి 40 లక్షల పైచిలుకు. అందులో కొన్ని రాళ్లనేలలు, కొన్ని కోర్టు తగాదాల్లో ఉన్నవి. చాలా భూమి పేదలకు చేరనే లేదు. నాకు ఇక్కడ ఒక అసంతృప్తి ఉంది. ఇచ్చేవాళ్ల మనసు ఆయన చేతిలో లేదు, నిజమే. కానీ వచ్చిన భూమిని సరిగ్గా పంచే ఏర్పాటు కొంతవరకైనా ఆయన చేతిలోనే ఉండేది కదా! ఆయన మాత్రం తర్వాతి ఊరికి నడిచారు. పిల్లల్లో సగం మంది నాతో ఏకీభవించారు, సగం మంది ఆయన వైపే నిలబడ్డారు.

1982 నవంబర్‌లో గుండెపోటు వచ్చింది. 87 ఏళ్ల వినోబా అన్నం, నీళ్లు, మందులు మానేశారు. ఎందరు బతిమాలినా వినలేదు. నవంబర్ 15న పౌనార్ ఆశ్రమంలోనే ప్రశాంతంగా కన్నుమూశారు.